వెదురాకు టీ, వెదురు క్యాప్సూళ్లు: నెల రోజుల వాడకం తర్వాత

ఒకే తయారీదారు ఒకే పెట్టెలో జతగా అమ్ముతున్న రెండు వస్తువుల గురించి ఈ సమీక్ష. ఒకటి ఎండబెట్టి తరిగిన వెదురాకుల టీ; రెండవది ‘వెదురాకు సారం’ అన్న పేరుతో వచ్చే క్యాప్సూళ్లు. పెట్టె మీద రెండింటికీ కలిపి ఒకే పొగడ్త అచ్చు వేశారు: జుట్టుకు, గోళ్లకు, కీళ్లకు, గుండెకు, నిద్రకు, చర్మకాంతికి మేలు చేస్తాయట. ఒక్క ఆకు ఇన్నింటికి పనికొస్తుందని చెప్పినప్పుడు ముందుగా ఆ ఆకులో అసలు ఏముందో చూడాలనిపించింది. నెల గడిచేసరికి టీ డబ్బా వంటింటి అలమరలో ముందు వరుసకు వచ్చింది. క్యాప్సూళ్ల సీసాకు మాత్రం 11వ రోజున మూత బిగించి పక్కన పెట్టేశాను. ఒకే మొక్క పేరు చెప్పుకొని వచ్చిన రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకుందో వివరంగా రాయవలసిన అవసరం కనిపించింది. వెదురు ఉత్పత్తులు కొనేవారిలో చాలామంది ఆకు గుణాన్నీ కాండం గుణాన్నీ ఒకటిగానే భావించి, ఒకదాని కోసం వెళ్లి మరొకటి తెచ్చుకుంటున్నారు.

టీతో మొదలుపెడతాను. ప్యాకెట్ విప్పగానే ఎండుగడ్డి వాసన, దాని వెనకే పచ్చి మొక్కజొన్న పొత్తు వలిచినప్పుడు వచ్చే తియ్యని వాసన తగిలాయి. ముక్కలు సుమారు అర అంగుళం పొడవున, పాలిపోయిన ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. కాడలు, పుల్లలు తక్కువే. ఒక పెద్ద ముక్కను వేడినీటిలో పది నిమిషాలు నానబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. నిలువుగా సాగే సన్నని ఈనెల మధ్య అడ్డంగా చిన్న చిన్న ఈనెలు కలిసి కిటికీ చువ్వల్లా గళ్లు గళ్లుగా కనిపించాయి. అంచు వెంట వేలు పోనిస్తే ఒకవైపుకు నున్నగా, రెండోవైపుకు రంపంలా గరుకుగా తగిలింది. ఆ గరుకుదనానికి కారణం ఆకు అంచున ఉండే సూక్ష్మమైన ముళ్లు, వాటిలో పేరుకున్న సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం. చల్లని ప్రాంతాల వెదురు జాతుల్లో ఈ గళ్ల ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. ప్యాకెట్ వెనుక ‘ఫిల్లోస్టాకిస్ ఎడ్యులిస్’ అని రాసిన శాస్త్రీయ నామానికి ఈ లక్షణం సరిపోయింది. చైనాలో విస్తారంగా పెరిగే ‘మోసో’ వెదురు ఇదే. వెదురాకుల రసాయనాల మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ ప్రజాతి మీదనే జరిగింది.

శాస్త్రీయ నామం ఉందా లేదా అన్నది చాదస్తం కోసం అడిగే ప్రశ్న కాదు. వెదురు అని మనం ఒక్క మాటలో అనేదాని కింద 1,400కు పైగా జాతులున్నాయి, వాటి ఆకుల్లోని రసాయనాల పాళ్లు ఒక్కోదానిలో ఒక్కో తీరుగా ఉంటాయి. దీనికి తోడు వెదురాకు పేరుతో తిరిగే వస్తువులన్నీ వెదురు కూడా కావు. చైనా వైద్యంలో ‘దాన్ జు యె’ అని పిలిచే మూలికను అంగళ్లలో వెదురాకు అనే అమ్ముతుంటారు గానీ, అది లోఫాథెరమ్ గ్రాసైల్ అనే వేరే గడ్డిమొక్క. విచిత్రం ఏమిటంటే దాని ఆకులోనూ అడ్డు ఈనెల గళ్లుంటాయి, కాబట్టి తరిగిన ముక్కలను కంటితో చూసి విడదీయడం తేలిక కాదు. ఎమెయి పర్వత ప్రాంతంలో తయారయ్యే ‘జు యె చింగ్’ అనే గ్రీన్ టీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పేరుకు వెదురాకు పచ్చదనం అని అర్థం. లోపల ఉన్నది మాత్రం అచ్చంగా తేయాకు, కెఫీన్‌తో సహా. జపాన్ నుంచి వచ్చేవైతే ఎక్కువగా సాసా అనే పొట్టి వెదురు ఆకులు. వీటిలో ఏదీ చెడ్డది కాదు, కానీ ఒకదాని మీద జరిగిన పరిశోధనను చూపించి మరొకదాన్ని అమ్మకూడదు. ఈ టీ తయారీదారు జాతి పేరు, ఆకు కోసిన నెల, ఎండబెట్టిన పద్ధతి మూడూ ముద్రించారు. ఈ ఒక్క పనికే నేను సగం మార్కులు వేశాను.

కాచుకునే పద్ధతి గురించి ప్యాకెట్ మీద ఉన్న సూచన కంటే నాకు కుదిరిన లెక్క కొంచెం వేరు. వాళ్లు మూడు నిమిషాలు చాలన్నారు. వెదురాకు తేయాకులా మెత్తనిది కాదు. సిలికా, నార కలిసి గట్టిపడిన ఆకు కాబట్టి నీరు లోపలికి దిగడానికే సమయం పడుతుంది. 200 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు వేసి, మరిగించి దించిన నీటిలో మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉంచితే రుచి నిండుగా వచ్చింది. ఇంకా ఎక్కువసేపు ఉంచినా చేదెక్కలేదు, ఎందుకంటే తేయాకులో వగరుకు కారణమయ్యే కాటెకిన్లు ఇందులో ఆ స్థాయిలో లేవు. కెఫీన్ అసలే లేదు. రుచి గొప్పగా ఉంటుందని చెప్పను, గడ్డి వాసన గిట్టని వారికి మొదటి గుక్కలోనే మొహం మొత్తవచ్చు; కానీ చివర్లో నాలుక మీద మిగిలే సన్నని తీపి మూడో రోజు నుంచి నాకు నచ్చడం మొదలైంది.

టీ రంగు లేత పసుపు, కొంచెం ఆకుపచ్చ జీర. కొందరు దీన్ని చూసి ‘పచ్చగా లేదు, పాత ఆకు’ అని ఫిర్యాదు చేస్తుంటారు. ఆ ఫిర్యాదు సరైనది కాదు. పత్రహరితం నీటిలో కరగదు, కాబట్టి ఆకును నీటిలో నానబెట్టిన టీ చిక్కటి ఆకుపచ్చగా ఉంటే అందులో ఆకు పొడి అయినా కలిసి ఉండాలి, రంగు అయినా కలిపి ఉండాలి. లేత పసుపు రంగును ఇచ్చేవి ఫ్లేవనాయిడ్ల కుటుంబానికి చెందిన ఫ్లేవోన్లు అనే పదార్థాలు. దీన్ని వంటింట్లోనే చూడవచ్చు: వడకట్టిన టీని రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో చిటికెడు వంటసోడా వేసి కలిపాను, చూస్తుండగానే అది చిక్కటి పసుపుకు తిరిగింది. అందులోనే నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే బుసబుస పొంగి మళ్లీ పాలిపోయింది. క్షారం తగిలినప్పుడు ఫ్లేవోన్ల వంటి ఫినాలిక పదార్థాలు ఇలా రంగు ముదురుతాయి. ఈ పరీక్ష వాటి పరిమాణాన్ని చెప్పదు, వెదురాకుకే ప్రత్యేకమైనదీ కాదు. నీటిలోకి ఏదో దిగిందన్న సంగతిని మాత్రం కళ్లకు కట్టిస్తుంది.

ఆ దిగిన పదార్థాల్లో ముఖ్యమైనవి నాలుగు: ఐసోఓరియెంటిన్, ఓరియెంటిన్, ఐసోవైటెక్సిన్, వైటెక్సిన్. వీటితోపాటు క్లోరోజెనిక్ ఆమ్లం, కెఫేయిక్ ఆమ్లం, పారా కౌమారిక్ ఆమ్లం, ఫెరులిక్ ఆమ్లం వంటివి తక్కువ పాళ్లలో ఉంటాయి. ట్రైసిన్ అనే ఫ్లేవోన్, కొన్ని బహుశర్కరలు కూడా వెదురాకులో గుర్తించారు. పేర్లు పరాయివిగా వినిపించినా పదార్థాలు మనకు కొత్తవి కావు. వైటెక్సిన్ పేరు వావిలి మొక్క చెందిన వైటెక్స్ ప్రజాతి నుంచి వచ్చింది. పెసర పొట్టులోనూ అది దండిగా ఉంది. ఓరియెంటిన్ తులసి ఆకుల్లో ఉంది. అంటే ఇవి వెదురుకు మాత్రమే దక్కిన దివ్యౌషధాలు కావు, చాలా ఆకులు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల నుంచి తమను కాపాడుకోవడానికి తయారు చేసుకునే పదార్థాలు. వెదురాకు ప్రత్యేకత ఏమిటంటే, అందులో ఈ నాలుగూ ఒకేచోట, అదీ ప్రధానమైన ఫ్లేవోన్లుగా ఉండటం.

ఈ నాలుగింటి నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూస్తే ప్రచారంలోని ఎన్నో మాటలకు జవాబు అక్కడే దొరుకుతుంది. ఐసోఓరియెంటిన్, ఓరియెంటిన్ రెండూ లూటియోలిన్ అనే ఫ్లేవోన్‌కు ఒక గ్లూకోజు అతికిన రూపాలు. తేడా అల్లా ఆ గ్లూకోజు మొదటిదానిలో ఆరవ కర్బనం దగ్గర, రెండవదానిలో ఎనిమిదవ కర్బనం దగ్గర ఉండటమే. ఐసోవైటెక్సిన్, వైటెక్సిన్ జంట కూడా సరిగ్గా ఇదే లెక్కలో అపిజెనిన్‌కు అతికిన గ్లూకోజు. లూటియోలిన్ జంటకు ఒక వలయం మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్‌కు హైడ్రోజన్ అతికినవి) ఉంటాయి, అపిజెనిన్ జంటకు ఒక్కటే ఉంటుంది. కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్‌కు హైడ్రోజన్‌ను ఇచ్చి చల్లార్చే పనిలో పక్కపక్కన ఉన్న ఆ జంట హైడ్రాక్సిళ్లే కీలకం కాబట్టి, పరీక్షనాళికలో ఓరియెంటిన్, ఐసోఓరియెంటిన్‌ల పనితనం వైటెక్సిన్ జంట కంటే బలంగా కనిపిస్తుంది. ‘మొత్తం ఫ్లేవనాయిడ్లు ఇంత’ అని ఒకే అంకె వేసే లేబుల్ ఈ తేడాను మింగేస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆహారంలో దొరికే చాలా ఫ్లేవనాయిడ్లలో చక్కెర ఆక్సిజన్ ద్వారా అతికి ఉంటుంది, పేగులోని ఎంజైములు దాన్ని తేలికగా తెంచుతాయి. వెదురాకు ఫ్లేవోన్లలో చక్కెర నేరుగా కర్బనానికి కర్బనంగా అతికి ఉంటుంది, దీన్ని ఆమ్లంలో మరిగించినా తెంచడం కష్టం. అందువల్ల ఈ పదార్థాలు వేడిని, నిల్వను చక్కగా తట్టుకుంటాయి. టీ కాచినప్పుడు చెడిపోవన్న ప్రచారం ఈ విషయంలో నిజమే. కానీ అదే గట్టిదనం వల్ల చిన్నపేగులో అవి రక్తంలోకి చేరేది స్వల్పం. ఎక్కువ భాగం పెద్దపేగు దాకా పోయి, ఆ కర్బన బంధాన్ని తెంచగలిగే కొన్ని ప్రత్యేకమైన బాక్టీరియా చేతుల్లో పడుతుంది. అలాంటి బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఒకే మోతాదులో ఉండవు. ఒకరికి పనిచేసింది మరొకరికి పనిచేయకపోవడానికి ఇది ఒక సహేతుకమైన కారణం, కప్పులో ఉన్న మిల్లీగ్రాములన్నీ ఒంట్లో చేరినట్టే లెక్కగట్టి రాసే ప్రకటనలకు ఇది చాలా ఇబ్బందికరమైన నిజం. పెట్టె మీద వెదురు నములుతున్న పాండా బొమ్మ వేశారు. పాండా రోజుకు కిలోలకొద్దీ వెదురు మేస్తుంది, తిన్నదానిలో దాదాపు 17 శాతమే జీర్ణించుకోగలదు. ఒంటికి పట్టడం గురించి చెప్పుకోదలచిన వారు ఆ బొమ్మను ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థం కాలేదు.

మరి వెదురాకు మీద గట్టిగా నిలిచిన పరిశోధన లేదా అంటే ఉంది, అయితే అది ప్రకటనలో కనిపించే చోట లేదు. వెదురాకుల నుంచి తీసిన ఫ్లేవోన్లు, ఫినాలిక ఆమ్లాలు గల సారాన్ని చైనా 2004లో ఆహార పదార్థాలు చెడకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్‌గా అనుమతించింది. నూనెలు, వేయించిన తినుబండారాలు, మాంసపు ఉత్పత్తులు చెడు వాసన పట్టకుండా దాన్ని వాడుతారు. ఎలుకలకు కిలో బరువుకు 10 గ్రాముల చొప్పున ఒకేసారి ఇచ్చినా ప్రాణహాని కలగలేదని దాని భద్రతా పరీక్షల్లో తేలింది. ఇంకా ఆసక్తికరమైనది అక్రిలమైడ్ సంగతి. బంగాళాదుంప ముక్కల్లాంటి పిండి పదార్థాలను 120 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో వేయించినప్పుడు, వాటిలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి అక్రిలమైడ్‌గా మారుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేయించడానికి ముందు ఆ ముక్కలను వెదురాకు సారం కలిపిన ద్రావణంలో ముంచితే అక్రిలమైడ్ దాదాపు ముప్పాతిక వంతు తగ్గినట్టు 2007లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. ఇవన్నీ మూకుడులో, నూనె డబ్బాలో జరిగే పనులు. వాటిని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. మూకుడులో పనిచేసింది కాబట్టి మోకాలిలోనూ పనిచేస్తుందని అనడం దగ్గరే పేచీ.

ఒంటికి సంబంధించిన ఆధారాలు ఎక్కువగా జంతువుల మీదివి. బాంబూసా బాంబోస్, అంటే ముళ్ల వెదురు, ఆకుల నుంచి మిథనాల్ అనే ఆల్కహాల్‌తో తీసిన సారం ఎలుకల పాదాలకు తెప్పించిన వాపును తగ్గించిందని, కడుపులో పుండ్లు పడకుండా కాపాడిందని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. మిథనాల్ సారం మనం తాగే వేడినీటి కషాయంతో సమానం కాదు. ఎలుకలకు కిలో బరువు లెక్కన ఇచ్చే మోతాదును మనిషికి మార్చి చూస్తే అది రెండు కప్పుల టీలో వచ్చేది కాదు. మనుషుల మీద జరిగినవి తక్కువ, చిన్నవి. సంప్రదాయ వైద్యాలు ఈ ఆకును వాడుకున్న తీరు ఇంతకంటే నిదానంగా ఉంది. చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ సుమారు 1,800 ఏళ్ల కిందట రాసిన గ్రంథంలో వెదురాకు, జిప్సం ప్రధానంగా గల కషాయం ఒకటి ఉంది. జ్వరం విడిచాక మిగిలే తాపం, దాహం, నీరసం, వికారం కోసం దాన్ని ఇచ్చేవారు. గోళ్లు మెరవడానికో, జుట్టు ఒత్తుగా పెరగడానికో ఆకును వాడమని అక్కడ లేదు.

పెట్టె మీద ‘యాంటీఆక్సిడెంట్ శక్తి’ అంటూ ఓరాక్ పద్ధతిలో కొలిచిన ఒక పెద్ద అంకె వేశారు. పరీక్షనాళికలో వచ్చిన ఆ విలువలకు ఒంట్లో జరిగేదానితో సంబంధం చూపలేమంటూ, అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల ఓరాక్ పట్టికనే 2012లో తొలగించింది. పోనీ ఆ అంకెనే ప్రమాణంగా తీసుకుందామన్నా, యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసే క్లోరోజెనిక్ ఆమ్లం మాటకొస్తే ఒక కప్పు కాఫీలో 70 నుంచి 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాఫీ తాగేవారు యాంటీఆక్సిడెంట్ల కోసం వెదురాకును వెతుక్కోనక్కరలేదు. కాఫీ పడనివారికి, సాయంత్రం పొద్దుపోయాక వేడిగా ఏదైనా తాగాలనిపించేవారికి మాత్రం ఇది చక్కగా కుదురుతుంది. నాకు కుదిరింది అందుకే. రాత్రి ఎనిమిది గంటల కాఫీ స్థానంలో ఇది వచ్చాక నిద్ర త్వరగా పట్టింది. ఆ ఘనత వెదురాకుది కాదు, మానేసిన కాఫీది.

ఇక క్యాప్సూళ్లు. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ‘వెదురాకు సారం, 70 శాతం సహజ సిలికా’ అని ఉంది. ఈ అంకె దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. వెదురాకులో సిలికా ఎక్కువే, అందులో సందేహం లేదు. ఆకులు కాల్చి బూడిద చేస్తే ఆ బూడిదలో ముప్పాతిక వంతు దాకా సిలికాయే ఉంటుంది, అందుకే సిమెంటులో కొంత భాగానికి బదులుగా వెదురాకు బూడిదను వాడటం మీద పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ బూడిదలో 70 శాతం వేరు, ఆకు సారంలో 70 శాతం వేరు. నీటితోనో ఆల్కహాల్‌తోనో తీసిన ఆకు సారంలో ఉండేవి ఫ్లేవోన్లు, ఆమ్లాలు, చక్కెరలు. సిలికా అంత పాళ్లలో అందులోకి రాదు. వెదురులో సహజంగానే అంత సిలికా గల పదార్థం మరొకటి ఉంది: వంశలోచనం. ముదిరిన వెదురు బొంగు కణుపుల లోపల రసం గడ్డకట్టి, తెల్లగానో నీలి ఛాయతోనో పలుకులుగా ఏర్పడే దాన్ని వెదురుప్పు అని కూడా అంటారు. సితోపలాది చూర్ణంలో పటికబెల్లం 16 పాళ్లు, వంశలోచనం 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1 పాలు కలుస్తాయి; దగ్గుకు ఇచ్చే ఆ చూర్ణంలోని తెల్లటి పొడి భాగం ఇదే. వంశలోచనానికి ఆయుర్వేదంలో తనదైన గౌరవం ఉంది. అయితే అది ఆకు కాదు.

ఒక క్యాప్సూల్ విప్పి పొడిని తెల్లకాగితం మీద పోసి చూశాను. ఆకు సారం గోధుమ రంగులోనో, పచ్చటి పసుపులోనో ఉండాలి, తేమ తగిలితే జిగురుగా ముద్దకట్టాలి. ఇది బూడిద ఛాయ కలిసిన తెలుపు. గోరుతో నలిపితే సుద్దలా జారింది, నాలుకకు తాకిస్తే అంటుకుంది, చేదు గానీ వగరు గానీ లేవు. వేడినీటిలో కలిపి అరగంట ఉంచితే మొత్తం అడుగుకు దిగి, పైన నీరు దాదాపు తేటగా నిలిచింది. టీ మీద చేసిన సోడా పరీక్షే దీని మీదా చేస్తే రంగు కదలలేదు. తయారీదారుకు ఈమెయిల్ రాసి, మొక్కలోని ఏ భాగం వాడారో, ఫ్లేవోన్లను ఏ పద్ధతిలో కొలిచారో చెప్పమని అడిగాను. మొదటి జవాబుగా ఉత్పత్తి ఎంత శ్రేష్ఠమైనదో వివరించే పేరా ఒకటి వచ్చింది. రెండోసారి అడిగితే ముడిసరుకు విశ్లేషణ పత్రం పంపారు. అందులో ‘వాడిన భాగం’ అన్న గడిలో ‘కాండం’ అని స్పష్టంగా ఉంది. ముందు లేబుల్ మీద ‘ఆకు’, వెనుక కాగితంలో ‘కాండం’! తేడా ఎందుకుందని మూడోసారి రాసిన ఉత్తరానికి ఈ సమీక్ష రాసేనాటికి జవాబు లేదు.

సిలికా మాట నిజమే అనుకున్నా అది ఒంటికి పట్టే రూపంలో ఉందా అన్నది మరో ప్రశ్న. శరీరం గ్రహించేది నీటిలో కరిగి విడివిడి అణువులుగా ఉన్న ఆర్థోసిలిసిక్ ఆమ్లాన్ని. మొక్క తన కణాల మధ్య దాచుకున్న సిలికా గాజులాంటి గట్టి రేణువుల రూపంలో ఉంటుంది, కడుపులో అది కరిగే వేగం చాలా తక్కువ. కాబట్టి క్యాప్సూల్‌లో ఎన్ని మిల్లీగ్రాముల సిలికా ఉందన్నదానికీ, ఎంత రక్తంలో చేరిందన్నదానికీ మధ్య దూరం చాలా ఉంది. రోజుకు రెండు చొప్పున వేసుకున్న 11 రోజుల్లో నాకు కనిపించిన ఫలితం మలబద్ధకం, కడుపులో బరువు. జుట్టు, గోళ్ల గురించి 11 రోజుల్లో తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక చెప్పను. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవారు ఇలాంటి సిలికా మోతాదుల విషయంలో వైద్యుణ్ణి అడగాలి; సిలికేటు గల యాంటాసిడ్లను ఏళ్ల తరబడి వాడినవారిలో, అరుదుగానైనా, సిలికా రాళ్లు ఏర్పడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

లేబుల్ కింది వరుసలో ‘ఫ్లేవోన్లు 24 శాతం’ అని కూడా ఉంది. 70 శాతం సిలికా, 24 శాతం ఫ్లేవోన్లు కలిపి 94. మిగిలిన 6 శాతంలోనే నార, తేమ, ఆమ్లాలు, చక్కెరలు అన్నీ సర్దుకోవాలి. సోడాకు రంగు కదలని పొడిలో నాలుగోవంతు ఫ్లేవోన్లు ఉన్నాయంటే నమ్మశక్యం కాదు. మామూలుగానే ఇలాంటి శాతాలను రంగు ఆధారంగా కొలిచే పద్ధతితో లెక్కించి, రూటిన్ అనే మరో ఫ్లేవనాయిడ్‌తో సమానంగా చూపుతారు. ఆ పద్ధతిలో రంగునిచ్చే ఇతర పదార్థాలు కూడా కలిసి లెక్కకు వస్తాయి. ఐసోఓరియెంటిన్ ఇంత, ఓరియెంటిన్ ఇంత అని హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో విడివిడిగా కొలిస్తే వచ్చే మొత్తం దానికంటే బాగా తక్కువగా ఉంటుంది. వెదురాకు సారం కొనదలచుకున్నవారు లేబుల్ మీద ఈ పేర్లు విడిగా ఉన్నాయేమో చూడాలి. లేకపోతే అడగాలి. అడిగినా చెప్పకపోతే కొనకపోవడమే మేలు.

జాగ్రత్తల విషయంలో పెట్టె మీద ‘సహజమైనది, దుష్ఫలితాలు లేవు’ అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. వెదురాకు కషాయాన్ని ముట్టు రావడానికీ, కాన్పు తర్వాత మైల పోవడానికీ ఇచ్చే అలవాటు సంప్రదాయ వైద్యంలో ఉంది, అంటే గర్భాశయం మీద దాని ప్రభావాన్ని పాతవారు గమనించారన్నమాట. పసుపు వెదురు, అంటే బాంబూసా వల్గారిస్, ఆకుల నీటి సారం చూలు కుందేళ్లలో గర్భస్రావానికి దారితీసిందని 2009లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి ఉంది. కాబట్టి గర్భిణులు ఈ టీని గానీ, సారాన్ని గానీ తాకకూడదు. థైరాయిడ్ సమస్య ఉన్నవారికి మరో కారణం ఉంది. సజ్జలు ప్రధాన ఆహారంగా తినే చోట్ల గాయిటర్ (గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాపు) ఎందుకు ఎక్కువగా వస్తోందని పరిశోధించినప్పుడు, సజ్జల్లోని వైటెక్సిన్ కుటుంబపు పదార్థాలు థైరాయిడ్ హార్మోను తయారీకి కావలసిన ఎంజైమును అడ్డుకుంటున్నాయని తేలింది. వెదురాకులో ఉన్నదీ అదే కుటుంబం. అప్పుడప్పుడు ఒక కప్పు టీతో ముప్పు వస్తుందని నేననడం లేదు. గాఢమైన సారాన్ని నెలల తరబడి రోజూ వేసుకునేవారు ఈ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు టీ విషయంలో అంతగా ఆలోచించనక్కరలేదు గానీ, ఆకును మొత్తంగా పొడి చేసి అమ్మేవాటికి దూరంగా ఉండాలి. విటమిన్ కె నీటిలో దిగదు, పొడిలో మాత్రం ఉంటుంది.

పెరట్లోనో తోవ పక్కనో వెదురు పొద ఉంటే దాని ఆకులే కోసి కాచుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. లేత పిలకల్లో టాక్సిఫిలిన్ అనే పదార్థం ఉంటుంది, నలిగినప్పుడు అది సయనైడును విడుదల చేస్తుంది. పిలకలను బాగా ఉడికించి, ఆ నీరు పారబోసి తినడం అందుకే. ముదిరిన ఆకుల్లో ఈ బెడద తక్కువ. అయినా జాతి ఏదో తెలియని పొద నుంచి, అందులోనూ మందులు చల్లిన చోటు నుంచి, లేత చిగుళ్లు కోసుకుని తాగడం నేను చేయను.

టీ ప్యాకింగ్ గురించి రెండు మాటలు. జిప్ ఉన్న సంచి గాలిని బాగానే ఆపింది, కానీ పారదర్శకంగా ఉండటం వల్ల వెలుతురుకు ఆకు రంగు మూడో వారానికే మరింత పాలిపోయింది. నేను దాన్ని రేకు డబ్బాలోకి మార్చాక వాసన నిలిచింది. ముక్కలతోపాటు కొంత ధూళి కూడా ఉంది కాబట్టి సన్న వడపోత తప్పనిసరి. లేకపోతే అంచుల నుంచి రాలిన నూగు గొంతులో గరగరలాడుతుంది. నాకు మొదటి రోజున అలాగే జరిగింది.

కెఫీన్ లేని వేడి పానీయంగా, జాతి పేరు ధైర్యంగా రాసుకున్న నిజాయితీ గల సరుకుగా ఈ టీకి నేను 5కు 4 ఇస్తున్నాను. వైద్య ప్రయోజనాల పేరుతో అడిగితే ఆ అంకె 2 దగ్గర ఆగుతుంది. క్యాప్సూళ్లకు 1. తయారీదారు లేబుల్ మీద ‘ఆకు’ను తీసేసి ‘కాండం’ అని, ‘24 శాతం’ పక్కన కొలిచిన పద్ధతి పేరును, దుష్ఫలితాలు లేవన్న వాక్యం చోట గర్భిణులకు, థైరాయిడ్ రోగులకు హెచ్చరికను ముద్రిస్తే ఆ మార్కును తిరిగి చూస్తాను. సీసాలో మిగిలిన 38 క్యాప్సూళ్లు విశ్లేషణ పత్రంతో సహా అలాగే ఉంచాను, మూడో ఉత్తరానికి జవాబు వస్తే పనికొస్తాయని.